అరవై అని చెప్పలేని రాజు

అనగనగా పొగడపురం అనే రాజ్యం. ఆ రాజ్యానికి ఒక రాజు. రాజు అనగానే మీరంతా నూనూగు మీసాల పడుచు రాజును తలుచుకుంటారని నాకు తెలుసు. తలుచుకోకండి. ఈయనకు అరవయ్యో ఏడు నడుస్తోంది. కూర్చునేటప్పుడు "అమ్మయ్యా" అనడం, లేచేటప్పుడు "రామచంద్రా" అనడం, చదివేటప్పుడు తాటాకును బారెడు దూరం పెట్టుకోవడం, అన్నీ ఉన్నాయి. పేరు మాత్రం ఉదయకేతు మహారాజు.

పొగడపురంలో ఒక ఆచారం ఉండేది. ఏటేటా ఏరువాక పున్నమి నాడు రాజుగారే స్వయంగా నాగలి పట్టి మూడు చాళ్ళు దున్నాలి. ఆ తరవాతే రైతులు దుక్కి మొదలుపెట్టాలి. ఉదయకేతుడు దున్నిన చాలు తాడు పట్టి గీసినట్టు ఉండేది. ముప్పై ఏళ్ళుగా ఆయనకు అదే గర్వం.

ఆ ఏడు మొదటి చాలు తిన్నగా వచ్చింది. రెండో చాలూ తిన్నగా వచ్చింది. మూడో చాలు సగంలో ఉండగా చెయ్యి వణికింది. చేతిలోని నాగలి మేడి జారింది. ఎడం ఎద్దు పక్కకు లాగింది. చాలు పాము మెలికలా వంకర పోయింది.

ఎవరైనా నవ్వి ఉంటే రాజుగారు కూడా నవ్వేసేవారేమో. ఎవరూ నవ్వలేదు. విత్తనాల చేటలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళలోంచి ఎవరో ఒకావిడ మెల్లగా "పాపం" అంది.

అంతే. ఆ ఒక్క మాటకు రాజుగారి చెవులు భగ్గుమన్నాయి. తల దించుకుని పల్లకీ ఎక్కి, తెరలు దించేసుకున్నారు. ఆ రోజు నుంచి భోజనం ముందు కూర్చున్నా "పాపం", పడక మీద ఒరిగినా "పాపం". యుద్ధంలో తగిలిన బాణాన్ని ఊడబెరుక్కున్న మనిషికి ఆ రెండక్షరాలు ఊడి రాలేదు.

ఆయన జుట్టుకు కాటుక పూసుకోవడం మొదలుపెట్టారు. ఎండకు చెమట పట్టి కాటుక చెవుల మీదుగా కారేది. మహారాణి లక్కమాంబ ఏమీ అనకుండా పమిట చెంగుతో తుడిచేది. ఆవిడ అలా ఏమీ అనకుండా తుడుస్తుంటే ఆయనకు ఇంకా సిగ్గేసేది.

ఇలా ఉండగా మంత్రి గుణనిధి ఒకనాడు చేతులు కట్టుకుని వచ్చాడు.

"మహాప్రభూ, తమరు ప్రభవలో పుట్టారు. అరవై సంవత్సరాలూ ఒక చుట్టు తిరిగి, ఉగాదికి మళ్ళీ ప్రభవ వస్తోంది. తమకు షష్టిపూర్తి చేయించాలని జనం ఉబలాటపడుతున్నారు" అన్నాడు.

షష్టిపూర్తి అంటే తెలుసుగా? మగవాడికి అరవై నిండితే, అదే భార్యతో మళ్ళీ పెళ్ళి చేస్తారు. మళ్ళీ పందిరి, మళ్ళీ తలంబ్రాలు, మళ్ళీ తాళి. లక్కమాంబకు ఈ సంగతి ముందే తెలుసు. తన పెళ్ళినాటి మధుపర్కాలు పెట్టెలోంచి తీసి, మేడ మీద ఎండలో ఆరేసింది కూడా.

రాజుగారు మాత్రం సింహాసనం మీంచి దిగ్గున లేచారు. "రామచంద్రా" అనబోయి ఆపుకున్నారు.

"నాకు అరవై వచ్చాయని ఊరూరా డప్పు కొట్టిస్తావా? షష్టిపూర్తీ లేదు, గిష్టిపూర్తీ లేదు. అసలు నా రాజ్యంలో అరవై అనే మాటే వినపడకూడదు!"

రాజాజ్ఞ కదా, ఏం చేస్తారు? అంగట్లో మామిడికాయలు లెక్కపెట్టేవాళ్ళు "యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, ఇంకోటి, దాని మీద ఒకటి" అని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. లక్కమాంబ మేడ మీదికి వెళ్ళి, మధుపర్కాలు మడత పెట్టి, మళ్ళీ పెట్టెలో దాచేసింది.

ఒకరోజు మిట్ట మధ్యాహ్నం రాజుగారి గదిలోకి ఒక మనిషి వచ్చాడు. తలుపు తీసినవాళ్ళు లేరు, రమ్మన్నవాళ్ళు లేరు. పొడుగాటి నల్లటి జుట్టు, ముడత లేని మొహం. ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు. పేరు కాటుకకేశుడు.

"రాజా, నీ ముసలితనం తీసేస్తాను. పాతికేళ్ళ పడుచువాణ్ణి చేస్తాను. ఒకటే షరతు. నీ అసలు వయసు నీ నోటితో చెప్పావో, ఆ క్షణమే ఇదంతా పోతుంది. దీనికి బదులుగా నీ ఇంట్లో వయసు మళ్ళినవాళ్ళలో ఒకరిని నాకివ్వు" అన్నాడు.

రాజుగారు అరక్షణం కూడా ఆలోచించలేదు. "ఒకరేమిటి, నీకు నచ్చినవాళ్ళను పట్టుకుపో! వయసు మళ్ళాక మనిషి ఎందుకు పనికొస్తాడు గనక?" అన్నారు.

ఆయన మనసులో ఉన్నది గుర్రపుశాల ముసలి కాపలాదారో, పళ్ళూడిన వంటవాడో. తలుపు తెర వెనక మజ్జిగ గ్లాసు పట్టుకుని లక్కమాంబ నిలబడి ఉందని ఆయనకు తెలియదు.

తెర తొలిగింది. ఆవిడ మజ్జిగ బల్ల మీద పెట్టింది. "మహారాజుగారు మాటిచ్చారు కదా. నాకూ యాభై ఆరు వచ్చాయి. పదండి, నేనొస్తాను" అంది మాంత్రికుడితో.

ఇక్కడే చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. చెప్పకపోతే కథ కాదు కాబట్టి చెబుతున్నాను. ఆ సమయంలో రాజుగారు అద్దంలో చూసుకుంటున్నారు. కణతల దగ్గర తెలుపు నల్లబడుతోంది. చెంపలు నునుపు తేలుతున్నాయి. భార్య మాట చెవిన పడింది. తల తిప్పాలని తెలుసు. "ఒక్క క్షణం" అనుకున్నారు. ఆ క్షణం గడిచి తల తిప్పేసరికి గదిలో మజ్జిగ గ్లాసు తప్ప ఎవరూ లేరు.

ఆ మజ్జిగలో అల్లమూ కరివేపాకూ నలిపి వేసి ఉన్నాయి, ఆయనకు ఇష్టమైనట్టు. పాతికేళ్ళ పడుచు రాజు నేల మీద కూలబడి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు.

జరిగింది మంత్రికి చెప్పాలి. ఎలా చెబుతారు? "నేను రాజుగారి మేనల్లుణ్ణి. మామయ్యా, అత్తయ్యా తీర్థయాత్రకు వెళ్ళారు" అని చెప్పి బయటపడ్డారు. గుణనిధి ఆయన వేలి ఉంగరం చూశాడు, కుడికాలి మీది పాత కత్తిగాటు చూశాడు, "చిత్తం బాబూ" అని ఊరుకున్నాడు. మంత్రి కళ్ళలోకి చూడలేక రాజుగారు గబగబా సముద్రం దారి పట్టారు.

ఒడ్డున ఒక తాబేలు ఎండ కాగుతోంది. పెద్ద పడవ బోర్లించినంత వీపు, దాని మీద నాచు.

"ఎక్కడికి బాబూ?" అంది.

"ఏడు సముద్రాల అవతలికి. కాటుకకేశుడి కోటకు."

"ఎక్కు, తీసుకెళ్తాను. నాకు మూడు వందల పధ్నాలుగు. నీకెంత?"

"పాతిక" అన్నారు రాజుగారు. అని, దాని వీపు మీద కూర్చుంటూ, అలవాటు కొద్దీ "అమ్మయ్యా" అన్నారు.

తాబేలు మెడ తిప్పి ఒకసారి చూసి, "సరేలే" అని ఈదడం మొదలుపెట్టింది.

రెండు సముద్రాలు దాటాక ఒక దీవి వచ్చింది. ఆ దీవిలో వయసు మళ్ళినవాళ్ళను దేవుళ్ళలా చూస్తారు. ఇంటింటా వెండి పీట, పీట మీద ఒక తాతో అవ్వో, పొద్దునా సాయంత్రం హారతి. రాజుగారికి ప్రాణం లేచొచ్చింది. పెద్దలంటే ఇలా చూడాలి అనుకున్నారు. అంతలో పీట మీది అవ్వ ఒకావిడ అటూ ఇటూ చూసి, చేత్తో పిలిచింది.

"బాబూ, ఆ రోట్లో పసుపుకొమ్ములు ఉన్నాయి. రోలు ఇలా జరుపు, దంచుకుంటాను. పన్నెండేళ్ళయింది నా చేత ఒక పని చేయించి. కాళ్ళు కడుగుతారు, నెత్తిన చల్లుకుంటారు, కూరలో ఉప్పు సరిపోయిందా అని మాత్రం ఒక్కరూ అడగరు. ఇంతకీ నీకెన్నేళ్ళు?"

"పాతిక" అన్నారు రాజుగారు. ఆవిడ దగ్గరికి రోలు జరిపి, తల వంచుకుని తాబేలు ఎక్కారు.

ఇంకో రెండు సముద్రాలు దాటాక ఇంకో దీవి వచ్చింది. అక్కడ ముసలివాళ్ళే కనిపించలేదు. అందరివీ నున్నటి మొహాలే. దగ్గరికెళ్ళి చూస్తే అవి పలచటి కర్రతో చెక్కి రంగు వేసిన మొహాలు! లోపల ముడతలు పడ్డ మొహం, బయట పడుచు మొహం. పట్టుబడతామని భయపడి వాళ్ళు నలుగురిలో కూర్చోరు, మెట్లు ఎక్కరు, చెవులు వినపడకపోయినా అన్నిటికీ "అవునవును" అంటారు. ఒకాయన సంతలో నిలబడి నిలబడి కాళ్ళు వణికి పడిపోయాడు. రాజుగారు లేవదీయబోతే మొహం జారకుండా రెండు చేతులా పట్టుకుని, "ఎవరైనా చూశారా? నన్ను ఎవరైనా చూశారా?" అన్నాడు. దెబ్బ తగిలిందేమో అని చూసుకోలేదు.

"నువ్వు అదృష్టవంతుడివి. అసలు పడుచువాడివి. ఎన్నేళ్ళు నీకు?" అన్నాడు ఆయన, లేచాక.

"పాతిక" అన్నారు రాజుగారు. అని, ఆ కర్ర మొహం వైపు చూడకుండా తాబేలు దగ్గరికి నడిచారు.

మళ్ళీ రెండు సముద్రాలు. మూడో దీవి. అక్కడ హారతులూ లేవు, కర్ర మొహాలూ లేవు. అక్కడివాళ్ళు నడుముకు ఒక నూలుతాడు కట్టుకుంటారు, ఏడాదికొక ముడి వేస్తారు. "ఇది నాకిప్పుడు చేతకాదు, నువ్వు చెయ్యి. ఇది నాకొచ్చు, నేను చేస్తాను" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. చెప్పేటప్పుడు ఎవరూ గొంతు తగ్గించరు. చూపు పోయిన తాత ధాన్యం వేళ్ళతో నలిపి, తేమ ఎంతుందో చెబుతున్నాడు. పరుగెత్తలేని అవ్వ కుక్కను పంపి మేకలను మళ్ళిస్తోంది. మోకాళ్ళ నొప్పులను గట్టిగా తిట్టుకునేవాళ్ళూ ఉన్నారు, లేకపోలేదు.

రేవులో పడవ నడిపే ముత్యాలయ్య అనే ఆయన రాజుగారిని ఇంటికి తీసుకెళ్ళి అరిటాకు వేశాడు. ఆకులో పాయసం ఉంది.

"ఈ రోజు నా తాడుకు అరవయ్యో ముడి పడింది బాబూ. ప్రభవలో పుట్టాను, మళ్ళీ ప్రభవ చూశాను. నాతోపాటు అదే ఏడు, అదే నెల, అదే పౌర్ణమి నాడు పుట్టినవాడు ఇంకొకడు దొరికితే వాడి పక్కన కూర్చుని తినాలని నాకొక పిచ్చి కోరిక. ఈ దీవిలో ఎవరూ లేరు" అన్నాడు.

రాజుగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆయన పుట్టిందీ ఆ నెలే, ఆ పౌర్ణమే. సముద్రాల మీద తిథులు మరిచిపోయారు గాని, ఆ రోజే ఆయనకూ అరవై నిండాయి. "నేనూ" అనాలి. రెండక్షరాలు. అంటే పడుచుదనం పోతుంది. ఏడో సముద్రం దాటి మాంత్రికుడితో తలపడేదెలా?

"నీకెన్నేళ్ళు బాబూ?"

"పాతిక."

"చల్లగా ఉండు నాయనా" అని ముత్యాలయ్య వంగి, ఆయన ఆకులో ఇంకొంచెం పాయసం వడ్డించాడు. ఆ పాయసం రాజుగారికి దిగలేదు. తన పుట్టినరోజు పాయసాన్ని దొంగలా తిన్నానని తాబేలు వీపు మీద కూర్చుని కుమిలిపోయారు.

తాబేలు చాలా సేపు ఈదింది. తరవాత మెల్లగా అంది:

"కాటుకకేశుడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. వాడి అసలు వయసు ఆ చిలుకకు ఒక్కదానికే తెలుసు. అది పైకి చెబితే వాడి మాయ మొత్తం ఊడిపోతుంది. ఎంతోమంది రాకుమారులు దాని గొంతు నులమబోయి రాళ్ళయ్యారు. తన వయసు దాచుకునేవాడు ఎవడు ముట్టినా రాయే."

"మరి ఎలా?"

"దాని ఎదుట ఎవరైనా దాచుకున్న నిజం చెబితే అదీ చెబుతుంది. ఇంక నీ ఇష్టం, పాతికేళ్ళ బాబూ" అంది తాబేలు.

కోట వచ్చింది. రాజుగారు గోడ దూకి లోపలికి వెళ్ళారు. పెద్ద వాకిలి. వాకిలి నిండా అవ్వలు, తాతలు. దేశదేశాల నుంచి, "ఎందుకూ పనికిరారు" అని ఇచ్చేసిన వాళ్ళు. అందరూ గుంటగలగరాకు నూరుతున్నారు. మాంత్రికుడి జుట్టు నల్లగా ఉండాలంటే ఆ పసరు రోజూ కావాలి. ఆకు ఎంత నలగాలో, పసరు ఎప్పుడు తీయాలో పడుచు చేతులకు తెలియదు. వాళ్ళ చేతి విలువ తెలిసినవాడు ఆ దొంగ మాంత్రికుడు ఒక్కడే. రాజుగారు తలెత్తలేకపోయారు.

ఒక మూల లక్కమాంబ కూర్చుని నూరుతోంది. చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. ఆవిడ తల మీద దూలానికి పంజరం, పంజరంలో చిలుక, దాని ముక్కుకు నల్లదారం కట్టి ఉంది.

"లక్కమా!"

ఆవిడ తలెత్తి చూసింది. ఆవిడకు తెలియలేదంటారా? నడక తెలుసు, గొంతు తెలుసు. అయినా చేతి మీది పసరు తుడుచుకుంటూ, "ఎవరు బాబూ నువ్వు?" అంది.

బాబూ! "పాపం" అన్న మాట దీని ముందు ఎంత? ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి బాబూ అంటోంది.

"నేనే. నీ భర్తను. నిన్ను తీసుకుపోవడానికి వచ్చాను. పద."

"నా భర్తకు అరవై నిండుంటాయి ఈపాటికి. లేచేటప్పుడు రామచంద్రా అంటారు. ఎడం చెయ్యి వణుకుతుంది. నీలాంటి పడుచువాడి వెంట నేనెందుకొస్తాను? నీకెంత వయసు?"

వెనక అడుగుల చప్పుడయింది. కాటుకకేశుడు కత్తి దూసి వస్తున్నాడు. పాతికేళ్ళ చెయ్యయితే ఆ కత్తికి అడ్డు పడగలదు. అరవై ఏళ్ళ చెయ్యి వణుకుతుంది. రాజుగారు ఒకసారి కత్తిని చూశారు, ఒకసారి భార్య నల్లబడ్డ చేతులను చూశారు.

"అరవై" అన్నారు. "నాకు అరవై నిండాయి లక్కమా. నలుగురూ పాపం అంటారని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుతో నిన్ను ఇచ్చేశాను. నువ్వు వెళుతున్నావని తెలిసీ అద్దం నుంచి తల తిప్పలేదు. అదీ నేను."

నడుం కలుక్కుమంది. జుట్టు తెల్లబడింది. ఎడం చెయ్యి వణకడం మొదలుపెట్టింది. కత్తి గాల్లోకి లేచింది.

పుటుక్కున చిలుక ముక్కు దారం తెగింది.

"ఆయనకు అరవై!" అని అరిచింది చిలుక. "నా యజమానికి తొమ్మిది వందల పన్నెండు! తొమ్మిది వందల పన్నెండు! హమ్మయ్య, ఎన్నాళ్ళకు చెప్పాను!"

కత్తి ఠంగున కింద పడింది. నల్లటి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోయింది. మాంత్రికుడి స్థానంలో ఎండిన వక్కలాంటి ముసలాయన ఒకడు మిగిలాడు. రెండు చేతులతో మొహం కప్పుకుని, "చూడకండి! నన్ను ఎవరూ చూడకండి!" అని ఏడుస్తున్నాడు. రాళ్ళయిన రాకుమారులు ఒళ్ళు విరుచుకుంటూ లేచారు. అందరూ ఆ ముసలాణ్ణి కొట్టబోయారు.

రాజుగారు అడ్డం వెళ్ళి, "అమ్మయ్యా" అంటూ వాడి పక్కన చతికిలబడ్డారు. "ఊరుకో. నేనూ ఇలాగే మొహం కప్పుకున్నాను" అన్నారు. లక్కమాంబ తన శాలువా తీసి వాడికి కప్పి, గుక్కెడు నీళ్ళు తాగించింది. అతను తరవాత ఆ కోటలోనే ఉండి, ఉన్న ఆకులన్నిటితో నొప్పులకు నూనె కాచి ఇస్తూ బతికాడంటారు. పని మంచిదే, నూనె కూడా మంచిదే.

తిరుగు ప్రయాణంలో తాబేలు రేవుల్లో ఆగుతూ అందరినీ దించింది. ముత్యాలయ్య ఇంటి ముందు రాజుగారు చేతులు జోడించి నిలబడ్డారు.

"ఆనాడు అబద్ధం చెప్పాను. నేనూ ప్రభవే. ఆ నెలే, ఆ పౌర్ణమే."

ముత్యాలయ్య ఆ తెల్లజుట్టును కాసేపు తేరిపార చూశాడు. లోపలికెళ్ళి రెండు ఆకులు పక్కపక్కన వేశాడు.

పొగడపురంలో పందిరి లేచింది. మధుపర్కాలు మళ్ళీ ఎండలోకి వచ్చాయి. పురోహితుడు తాళి అందించాడు. రాజుగారు దాన్ని పట్టుకుని జనం వైపు తిరిగారు.

"కట్టేముందు ఒక మాట. నేను తీర్థయాత్రకు వెళ్ళలేదు. వయసు మళ్ళినవాళ్ళు ఎందుకూ పనికిరారని ఈ నోటితో అన్నాను. ఈవిడ తెర వెనక నిలబడి విన్నది. విని కూడా ఈనాటి దాకా ఆ మాట ఎత్తలేదు. అందుకే మీ అందరి ముందూ నేనే ఎత్తుతున్నాను."

పందిట్లో గుసగుసలు బయలుదేరాయి. రాజుగారి చెవులు మళ్ళీ భగ్గుమన్నాయి. ఈసారి ఆయన తల దించుకున్నారు గాని, తెరలు దించుకోలేదు.

"విన్నాను లెండి" అంది లక్కమాంబ. "ఏడ్చాను కూడా. ఇప్పుడు కట్టండి, ముహూర్తం దాటిపోతోంది."

మొదటి ముడి పడింది. రెండో ముడి పడింది. మూడో ముడి దగ్గర చెయ్యి వణికింది. దారం జారింది. మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ జారింది. జనంలోంచి, ఏరువాక నాడు విత్తనాల చేటలు పట్టుకున్న ఆడవాళ్ళ వైపు నుంచే, ఎవరో మెల్లగా "పాపం" అన్నారు.

రాజుగారు ఆగారు. "ఎవరమ్మా ఆ మాట అన్నది? నిజమే, కొంచెం కష్టంగానే ఉంది. ఇలా వచ్చి దీపం దగ్గరగా పట్టుకో" అన్నారు.

ఆవిడ వచ్చి దీపం పట్టుకుంది. లక్కమాంబ తన చెయ్యి మెడ వెనక్కి పోనిచ్చి, జారిపోతున్న దారం కొస వేలితో అదిమి పట్టింది. మూడో ముడి పడింది.

ఆ తరవాత వాళ్ళిద్దరూ ఇరవై రెండేళ్ళు రాజ్యం ఏలారు. అంగట్లో మామిడికాయలు మళ్ళీ అరవై దాకా లెక్కపెట్టారు. పొగడపురంలో ఇప్పటికీ ఏరువాక నాడు మూడో చాలు వంకరగానే దున్నుతారట. పడుచు రాజు దున్నినా సరే, కావాలని వంకరగా దున్నాల్సిందే. అందులోనూ విత్తనం బాగానే మొలుస్తుంది.

కథ తన దారిన తాను కంచికి నడిచింది. మీరిక లేచి అన్నాలు తినండి. నేను లేవడానికి మాత్రం ఎవరైనా చెయ్యి అందించండి. నాకు డెబ్బై మూడు.